బంతి గుంతలో పడితే బిడ్డకు మేలు

గోల్ఫ్ ఆడితే పిల్లల కష్టాలు తీరతాయని మా హనుమకొండ పెద్దలకు ఎవరు చెప్పారో తెలియదు గానీ, చెప్పినవారికి మాత్రం మేమంతా ఒక శాలువా బాకీ ఉన్నాం. హింసకు, నిర్లక్ష్యానికి గురైన బాలల సహాయార్థం గోల్ఫ్ పోటీ పెడుతున్నామంటూ ఒక సేవా సంఘం వారు నాకు ఆహ్వానపత్రిక పంపారు. దళసరి కాగితం, బంగారు అంచు. విరాళానికి పన్ను మినహాయింపు ఉందన్న శుభవార్త. ముఖచిత్రంగా ఏడుస్తున్న పాప బొమ్మ. ఇంతవరకు సహించాను. ఆ పాప చెంప మీద కన్నీటి చుక్క ఉండవలసిన చోట గోల్ఫ్ బంతి ఉంది. తెల్లగా, గుండ్రంగా, ఒంటినిండా చిన్న చిన్న సొట్టలతో సహా.

బొమ్మ గీసినవాడిని ఏమీ అనను. డబ్బులిచ్చారు, గీశాడు. దాన్ని చూసి "అద్భుతం" అన్న కార్యవర్గం ఒకటి ఉంటుంది కదా, నా బెంగంతా దాని గురించే. చర్చ కూడా జరిగే ఉంటుంది. రెండు కళ్లకూ బంతులు పెట్టాలా, ఒక కంటికి చాలునా? బంతి మీద దాతగారి పేరు కనపడుతుందా? కనపడుతోంది. భూతద్దం పెట్టి చూశాను. ఇళ్ల స్థలాలు అమ్మే వ్యాపారి పేరు అది. పాప కన్నీటిని కూడా హద్దురాళ్లు పాతి అమ్మేశారు.

ఒక చిన్న చిక్కుంది. ఓరుగల్లులో వేయి స్తంభాల గుడి ఉంది, భద్రకాళి చెరువు ఉంది, ఎనుమాములలో పెద్ద మార్కెట్ ఉంది. గోల్ఫ్ మైదానం మాత్రం నాకెక్కడా కనపడలేదు. అందుకని పోటీ హైదరాబాద్‌లో. వరంగల్ పిల్లల కోసం వరంగల్ పెద్దలు కార్లు కట్టుకుని దాదాపు 150 కిలోమీటర్లు వెళ్తారు, హోటల్లో దిగుతారు, విందు ఆరగిస్తారు, జ్ఞాపికలు పుచ్చుకుంటారు. ఖర్చులు పోగా మిగిలింది పిల్లలకు. ఈ చివరి వాక్యాన్ని పత్రికలో అన్నిటికంటే చిన్న అక్షరాలతో వేశారు.

ఆటగాళ్లలో చాలామందికి గోల్ఫ్ రాదు. సేవకు అది అడ్డమా? నయీంనగర్‌లో మా అధ్యక్షులవారు, వృత్తిరీత్యా కాంట్రాక్టరు, తమ డాబా మీదే సాధన మొదలుపెట్టారు. గోల్ఫ్‌లో గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లని నిబంధన. ఇంట్లో ఆ కొలతకు సరిపోయింది పూజగదిలోని చెంబు ఒక్కటే. దాన్ని పడుకోబెట్టారు. అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోనులో గురువు. "నాన్నా, తల దించాలి, చూపు బంతి మీదే ఉండాలి" అని పాఠం. బిల్లుల కోసం ఇంజనీర్ల ముందు దించి దించి అలవాటైన తలే కనుక ఆ పాఠం ఇట్టే వచ్చేసింది. నడుము తిప్పడం రాలేదు. ఊపి కొట్టారు. 46 గ్రాములైనా లేని ఆ బంతి చెంబును, పిట్టగోడను, చట్టాన్ని దాటుకుని పక్క డాబా మీద ఎండబెట్టిన మిరపకాయల్లో పడింది.

పక్కింటి ముసలమ్మ దాన్ని తీసి ఎండకు పట్టి చూసింది.

"ఇదేమి గుడ్డు బిడ్డా?"

"గుడ్డు కాదు పెద్దమ్మా, గోల్ఫ్ బంతి. దిక్కులేని పిల్లల కోసం."

"పిల్లలు ఆడుకుంటారా?"

"లేదు, మేమే ఆడుకుంటాం."

"మరి పిల్లలకేమిటి?"

"బంతి గుంతలో పడితే అందరూ చప్పట్లు కొడతారు. తరువాత విందు. విందయ్యాక చెక్కు ఇస్తాం."

"ఆ చెక్కేదో ముందే ఇస్తే బంతితో పనేముంది?"

అధ్యక్షులవారు జాలిగా నవ్వారు. చదువుకోని మనిషికి ఏమని చెబుతారు?

బంతులు ఏరి తేవడానికి ఆయనకు ఒక కుర్రవాడు ఉన్నాడు. పన్నెండేళ్లు ఉంటాయేమో. ఇంటి పనికి పెట్టుకున్నారు. గోడ దూకి, మిరపకాయలు కలబెట్టి బంతులు వెతికాడు, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. బొటబొటా నీళ్లు కారాయి. ఈసారి బంతులు కావు, నీళ్లే. "తొందరగా తేరా, చేతి పట్టు పోతుంది" అన్నారు అధ్యక్షులవారు.

14 ఏళ్లలోపు బిడ్డను ఇంటి పనికి పెట్టుకోవడం నేరం. నిర్లక్ష్యానికి గురైన బాలలంటే ఎక్కడో, వేరే ఊళ్లో, వేరే కులంలో ఉంటారని వీరి నమ్మకం. కాజీపేట జంక్షన్‌లో రైలు దిగి ప్లాట్‌ఫారం మీద నిద్రపోయేవాడు వీరికి కనపడడు. ఇటుక బట్టీలో మట్టి తొక్కేవాడు కనపడడు. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్ అని, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అని పోలీసులు వెళ్లి వెతికి తెస్తే పేపర్లో చదివి నిట్టూరుస్తారు. ఇక హింస సంగతి. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే చట్టం పోక్సో. ఆ కేసుల్లో నిందితులు చాలా మటుకు బిడ్డకు తెలిసినవారేనని జాతీయ నేర గణాంకాలు ఏటేటా చెబుతున్నాయి. బంధువు, పక్కింటి పెద్దమనిషి, ఇంటికొచ్చి పాఠం చెప్పే మాస్టారు. మన పెళ్లిళ్లలో ముందు వరుసలో కూర్చునేవాళ్లు. తెలిసి కూడా ఫిర్యాదు చేయకపోతే అదీ నేరమేనని 2012 నాటి ఆ చట్టమే అంటోంది. ఎంతమంది చేశారు? "పరువు పోతుంది, రేపు పిల్లకు పెళ్లి కాదు, మనలో మనం మాట్లాడుకుందాం" అని నడింట్లో పంచాయితీ పెట్టి, ఆ బిడ్డ నోరు నొక్కేది ఎవరు? శాలువాలు కప్పించుకునే ఈ పెద్దలు కాదూ? ఆటకు 14 కర్రల సంచీ మోయిస్తారు, ఫిర్యాదు కాగితం మీద ఒక్క సంతకం పెట్టడానికి చేయి లేవదు. సిగ్గులేని మనుషులు.

ఆ సాయంత్రమే ఆపదలో ఉన్న పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేశాను. ప్రవేశ రుసుము లేదు, ప్రత్యేకమైన బూట్లు అక్కరలేదు, ఫోటోగ్రాఫర్ రానవసరం లేదు. బహుశా అందుకే ఆ నంబరుకు సంఘంలో ఆదరణ తక్కువ. కుర్రవాణ్ని బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లారు. ఇప్పుడు బంతులు అధ్యక్షులవారే ఏరుకుంటున్నారు. ఎవరో కిట్టనివారు ఫిర్యాదు చేశారని కార్యవర్గంలో వాపోయారట. ఎవరో ఇవాళ తెలుస్తుంది లెండి.

అన్నట్టు, డబ్బు లెక్క కూడా ఒకటి ఉంది. కష్టంలో ఉన్న బిడ్డ తనవాళ్ల దగ్గరే ఉండి చదువుకోవడానికి మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద ఇచ్చే సాయం నెలకు 4,000 రూపాయలు, ఏడాదికి 48,000. హోటల్ గదుల బిల్లులో అలాంటి ఏడాదులు ఎన్ని ఉన్నాయో సంఘం కోశాధికారి తీరిక చూసుకుని లెక్క కట్టాలి.

కార్యక్రమంలో చివరి అంశం: "బాధిత బాలలచే అతిథులకు పుష్పగుచ్ఛ సమర్పణ, గ్రూపు ఫోటో." పిల్లలు కాస్త బక్కగా ఉంటే బాగుంటుందని ఒక సభ్యుడు సూచించారని విన్నాను. అబద్ధమైతే బాగుండును.

ఈ సందర్భంగా వెలువరించే ప్రత్యేక సంచికకు నన్నూ నాలుగు మాటలు రాయమన్నారు. రాశాను. బాల న్యాయ చట్టం 2015లోని సెక్షన్ 74ను తెలుగు చేసి పంపాను. రక్షణ అవసరమైన బిడ్డ పేరు, చిరునామా, బడి, ఫోటో, ఆనవాలు పట్టించే ఏ వివరమూ ప్రచురించకూడదని, ప్రచురిస్తే ఆరు నెలల వరకు జైలు గానీ, 2 లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చని. గ్రూపు ఫోటో కిందే అచ్చు వేయమని కోరాను.

మర్నాడే జవాబు వచ్చింది. "సందేశం చాలా బాగుంది సార్. మీ కలర్ ఫోటో ఒకటి పంపగలరు."