31వ పేజీలో స్థిరపడిన బుక్‌మార్క్ గారికి

మహారాజశ్రీ బుక్‌మార్క్ గారి దివ్యసముఖమునకు,

తమరు 31వ పేజీలో క్షేమమని తలుస్తాను. తలవడమెందుకు, నిన్న సాయంత్రం పార్కులో ఇరవై మంది మధ్య కళ్లారా చూశాను కదా.

తమరి సర్వీసు రికార్డు ఒకసారి మనవి చేస్తాను. ఎన్టీఆర్ స్టేడియంలో డిసెంబరు పుస్తక ప్రదర్శనకు వెళ్లినప్పుడు, మూడు పుస్తకాలు కొంటే ఉచితంగా వచ్చారు. ఎర్ర కుచ్చు, ఒంటి మీద బంగారు అక్షరాలు: "రోజుకో పది పేజీలు." ఆ మాట నేను అడగలేదు, తమరే ఇచ్చారు. ఆ రాత్రే రోమన్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ రాసుకున్న 'మెడిటేషన్స్' పుస్తకంలో చార్జి తీసుకున్నారు. మొదటి వారంలో 31 పేజీలు, అందులో 19 ముందుమాట. అంతే. పదకొండు నెలలుగా బదిలీ లేదు, ప్రమోషన్ లేదు. ప్రభుత్వాఫీసులో ఫైలైనా ఎవరో ఒకరు తోస్తే ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి పోతుంది.

నావైపు లోపం లేదని కాదు. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో చదువుదామనుకున్నాను. అమీర్‌పేటలో ఎక్కే జనానికి పుస్తకం మాట దేవుడెరుగు, ముక్కు గోక్కుందామన్నా చెయ్యి పైకి రాదు. తెల్లవారుజాము ఐదు గంటల అలారం గారికి వేరే ఉత్తరం రాస్తాను. పసుపు హైలైటర్ గారు 9వ పేజీలోనే సిరా అయిపోయి కాలం చేశారు. ముందుమాట రాసినాయన ప్రతి వాక్యమూ నాకు జీవితసత్యంలాగే కనిపించింది మరి.

వాళ్లందరినీ క్షమించాను. తమరిని మాత్రం నా వల్ల కావడం లేదు.

మా ఆదివారం చదువరుల గుంపు పద్ధతి తమరికి తెలిసిందే. గంటసేపు మౌనంగా చదవాలి, తర్వాత ఎవరేం చదివారో చెప్పాలి. (ఆ గంటలో అరగంట ఫొటోలకే పోతుంది. 12 భాగాలూ తన కోసమే గ్రీకులో రాసుకున్న రోమన్ చక్రవర్తి, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ పక్కన ఫొటో దిగుతానని కలగని ఉండడు.) నా వంతు రాగానే మన చేతిలో ఉన్నదేది, లేనిదేది అంటూ పది నిమిషాలు దంచాను. అదంతా యూట్యూబులో ఒకటిన్నర స్పీడులో విన్నదే అయినా, నాకే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అప్పుడు చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుకునే తమ్ముడొకడు, ఎంతో మర్యాదగా, "అన్నా, ఐదో భాగం మొదట్లనే పొద్దుగాల లేవబుద్ధి కాకుంటే ఏమనుకోవాల్నో రాసిండు గదా, అది మీకెట్ల అనిపించింది?" అన్నాడు.

"చాలా లోతుగా ఉంది" అన్నాను.

అక్కడితో గండం గడిచేదే. తమరు ఊరుకుంటేగా! గాలికి కుచ్చు ఊపారు. తమ్ముడు చూశాడు. పక్కనున్నావిడ చూసింది. బియ్యం బస్తా మూతి దగ్గర తాడులా తమరెక్కడున్నారో, తమరి కింద ఎంత పుస్తకం ముట్టనిది ముట్టనట్టే ఉందో అందరూ చూశారు. తమ్ముడు పుస్తకం తీసుకుని ఆ పేజీ తిప్పాడు. తమరు కాపలా కాస్తున్న చోట చక్రవర్తి తనకు తాను చెప్పుకుంటున్నది ఏమిటయ్యా అంటే, పుస్తకాల దాహం వదిలెయ్, లేదంటే సణుక్కుంటూ చస్తావని. ఆయన మాట మీదే ఆగానని బుకాయిద్దామా అంటే, పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడి తెచ్చిన నాలుగు పుస్తకాలు సంచిలోంచి తలలు బయటపెట్టి వింటున్నాయి.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

నీకేం పోయిందిరా? 200వ పేజీలో కూర్చుంటే నిన్ను లెక్క అడిగేదెవరు? పోనీ కుచ్చు లోపలికి మడుచుకుని చావచ్చు కదా! ఆ తమ్ముడికి బుక్‌మార్కే లేదు, పాత హాల్‌టికెట్ మడిచి పెట్టుకుంటాడు. పొద్దున టిఫిన్ డబ్బాతో వెళ్లినవాడు లైబ్రరీ మూసేదాకా కుర్చీ వదలడు. పరీక్ష పుస్తకాలతో తల వాచినప్పుడు అరీలియస్ చదువుతాడట, అదీ రెండోసారట. నా దగ్గర మూడు రకాల నోట్‌బుక్కులు, మెడకు తగిలించుకునే లైటు, వెదురు స్టాండు, నువ్వు. ఇంతమందీ కలిసి నాతో 32వ పేజీ తిప్పించలేకపోయారు.

రాత్రి ఇంటికి రాగానే నిన్ను పీకి చెత్తబుట్టలో పారేశాను. రెండు నిమిషాలు హాయిగా ఉంది. తర్వాత బల్ల మీద పుస్తకం చూస్తే అసలు తెరవనిదానిలా ఉంది. ఆ 31 పేజీలైనా చదివానని చెప్పడానికి ఈ లోకంలో నాకున్న ఒకే ఒక్క సాక్షివి నువ్వు. లేచి వెళ్లి, ఉల్లిపొట్టు దులిపి, ఫ్యాను కింద ఆరబెట్టాను.

కాబట్టి ఉత్తర్వు ఏమనగా, తమరిని తక్షణం 34వ పేజీకి బదిలీ చేయడమైనది. ఆ మూడు పేజీలూ రాత్రే చదివాను, ఒట్టు.

కుచ్చు మాత్రం కత్తిరించాను.

ఇట్లు,
రెండో భాగం నివాసి