అరవై గంటల ఛార్జింగు, నలభై నిమిషాల చెవి

శ్రీయుత హెడ్‌ఫోన్స్ గారి దివ్యసముఖమునకు,

విజయనగరం నుంచి ఒక కళ్ళద్దాల మనిషి వ్రాయునది.

తమరు క్షేమమని తలుస్తాను. తమరికేం, బల్ల మీద నీలం లైటు మిణుకుమిణుకుమంటూ హాయిగా ఉన్నారు, ఛార్జింగ్ కూడా ఇంకా ఎనభై శాతం ఉంది. బాలేనిది నా చెవులే. ఎడమ చెవి వెనకాల, కళ్ళద్దాల కాడ ఆనే చోట వేలు తగిలితే చాలు ప్రాణం జివ్వుమంటోంది. ఇందాక అన్నం దగ్గర మా అమ్మ చూసి "ఏటిరా, చెవి అలా కందిపోయింది, ఎవుడు మెలేసాడు?" అంది. నాకు నలభై ఒకటి. ఐదో క్లాసు లెక్కల మాస్టారి తర్వాత నా చెవి మీద ఇంత చనువు తీసుకున్నది తమరొక్కరే.

ముందు శనివారం సంగతి. మధ్యాహ్నం రెండింటికి, కుక్కలు కూడా నీడ వదలని ఎండలో, గంటస్తంభం దగ్గర మొదలెట్టి మూడు లాంతర్ల దాకా కనపడ్డ షాపల్లా ఎక్కి దిగి, ఐదున్నరకి తమరిని చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను. బడ్జెట్ పదిహేనొందలు. దానికి రెండే కోరికలు, పాట పాటలా వినపడాలి, చెవి చెవిలా ఉండాలి. ఇదేమైనా గొంతెమ్మ కోరికా? "ఒక్కసారి తలకి పెట్టుకుని చూస్తాను బాబూ" అంటే మొదటి షాపు కుర్రాడు "సీల్ తీస్తే తీసుకోవాల్సిందే సార్" అన్నాడు. రెండో షాపులోనూ అదే మాట. నూటయాభై రూపాయల హవాయి చెప్పులు కొన్నా రెండూ వేసుకుని షాపులో అటూ ఇటూ నడిచి చూడనిస్తారు కదండీ, బండి మీద మామిడిపళ్ళాయన అడక్కుండానే ఒక ముక్క కోసి చేతిలో పెడతాడు, మరి పావుకిలో బరువు రోజూ నెత్తిన మొయ్యాల్సిన వస్తువుని మాత్రం బొమ్మ చూసి కొనుక్కోవాలట.

మూడో షాపులో డెమో పీస్ ఉంది. దొంగెత్తుకుపోకుండా బల్లకి తాడేసి కట్టేశారు, నేను వంగితేనే తలకి అందుతుంది. దేవుడికి దండం పెట్టినట్టు వంగి పెట్టుకున్నాను. డబడబ తప్ప ఇంకేం లేని పాటొకటి వేసి "బేస్ చూడండి సార్, అదిరిపోద్ది" అన్నాడు. అదిరింది, నిజమే, పన్నుకి వేసిన సిమెంట్ కూడా అదిరింది. ఒక్క నిమిషం, అంతే, తీసేసుకున్నాడు. నిమిషం సేపు ఏ హెడ్‌ఫోన్ అయినా మెత్తగానే ఉంటుంది, పెళ్ళిచూపుల్లో ఎవరు మాత్రం కోపిష్టిగా కనపడతారు. కొన్నాను. ఐదువేల తొమ్మిదొందల తొంభై కొట్టేసి పక్కన పద్నాలుగొందల తొంభై తొమ్మిది అని రాసుంది, ఆ కొట్టేసిన రేటుకి తమరిని కొన్న మహానుభావుడు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉంటే ఒక్కసారి దర్శనం ఇప్పించండి, శాలువా కప్పుతాను.

పోనీ ఆన్‌లైన్లో రివ్యూలు చూసి కొనుక్కోవాల్సింది అంటారా, చూశాను. "ఇంకా ఓపెన్ చెయ్యలేదు, ప్యాకింగ్ బాగుంది, ఐదు స్టార్లు."

ఇంటికొచ్చి తమరి అట్టపెట్టె తీరిగ్గా చదివాను. ఎన్ని అంకెలో! డ్రైవరు, అంటే లోపల మోగే బిళ్ళ, 40 మిల్లీమీటర్లు. 32 ఓమ్స్. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్. అది మనిషి చెవికి పుట్టుకతో వచ్చే హద్దు కదా, దాన్నే పెట్టె మీదేసుకుని అంత గొప్పేంటి, పైగా నా వయసులో ఆ పై కొసన నాలుగైదు కిలోహెర్ట్జ్ ఎప్పుడో చెవి దాటిపోయుంటాయి, వినపడని దానికి కూడా డబ్బులు కట్టాను. ఈఎన్‌సీ అని బంగారు అక్షరాలతో ఉంటే బయట మోత తగ్గుతుంది కాబోలనుకున్నాను. తర్వాత తెలిసింది, మోత తగ్గించి వినిపించేది ఏఎన్‌సీ, ఇది వేరే, ఇది మైకు కోసమట, అంటే మోత తగ్గేది నాక్కాదు, అవతల మాట్లాడేవాళ్ళకి. రైలు మోతంతా నా చెవిలో, నిశ్శబ్దం మా ఆవిడ చెవిలో. "ఏవండీ, రైల్లోనే ఉన్నారా, ఒక్క చప్పుడూ లేదు" అని అనుమానంగా అడిగింది, దానికి తమరే సమాధానం చెప్పుకోండి.

అన్నిటికంటే పెద్ద అంకె 60. అరవై గంటల ప్లేటైమ్. ఈ అంకె దగ్గరే నాకు నిద్ర పట్టట్లేదు. అరవై గంటలు వరసగా తమరిని ఎవరు పెట్టుకుంటారండీ? తల తీసి పక్కన పెట్టుకున్న రావణాసురుడా? చెవి ఎంతసేపు ఓర్చుకుంటుందో పెట్టె మీద ఏ మూలా లేదు. నొక్కుడు కొలవలేక కాదు, దానికీ న్యూటన్లని లెక్కుంది, హెడ్‌ఫోన్లు పరీక్షించేవాళ్ళు కొలుస్తారు కూడా. పెట్టె మీద అచ్చెయ్యరు, అంతే.

సరే, నేనే కొలిచాను. నాకు న్యూటన్లు లేవు, స్టేషన్లున్నాయి. సోమవారం పొద్దున్న వైజాగ్ వెళ్ళే ప్యాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని పెట్టుకున్నాను. కోరుకొండ దాకా స్వర్గం, ఆహా పద్నాలుగొందలకి ఏం వస్తువురా అనుకున్నాను. అలమండ వచ్చేసరికి చెవులు వేడెక్కాయి. జూన్ నెల, గాలాడని ఉక్క, దాని మీద రెండు రెగ్జిన్ దిళ్ళు, చెవి ఇడ్లీ పాత్రలో పెట్టినట్టయింది. కంటకాపల్లి దగ్గర మొదలైంది అసలుది. దిండు కళ్ళద్దాల కాడని నొక్కుతుంది, కాడ తలని నొక్కుతుంది, మధ్యలో చెవి, అటు వెళ్ళలేదు ఇటు రాలేదు. పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజు మూడు లాంతర్ల నుంచి కోట దాకా జనంలో ఇరుక్కుని నలిగినవాణ్ణి నేను, అక్కడ కూడా మధ్యమధ్యలో ఊపిరి ఆడుతుంది. కళ్ళద్దాలు తీసేసి జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడు చెవి బాగుంది, ఫోన్లో పాట పేరు కనపడట్లేదు. మళ్ళీ పెట్టుకున్నాను. కొత్తవలసలో తీసి మెడలో వేసుకున్నాను. మొత్తం నలభై నిమిషాలు. అక్కడి నుంచి వైజాగ్ దాకా తమరు నా మెడలో పూలదండలా ఊరేగారు, ఎదురు సీటు పెద్దాయన "మెడ నొప్పికి పట్టీయేటి బాబూ?" అని పరామర్శించాడు.

మంగళవారం కూడా అంతే. కొత్తవలస.

ఎవడి చెవులు కొలిచి చేశారు నిన్ను? బొమ్మల దుకాణంలో ప్లాస్టిక్ తలకా? దేశంలో కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళే లేరా, వాళ్ళు పాటలు వినరా? డబ్బులు పోసి కొనుక్కుని, చెవి నొప్పి కొనుక్కుని, ఊరంతా తిరిగి ఎండ దెబ్బ కొనుక్కుని, ఇంకా నీకు గారు గీరు అని రాస్తున్నాను చూడు, నన్ను అనాలి. పెట్టె తెరిచాం కాబట్టి షాపువాడు వెనక్కి తీసుకోడట. తెరవకుండా నొప్పని ఎలా తెలుస్తుందిరా అంటే వాడు పళ్ళికిలించాడు.

నీ ముందు వచ్చింది నీకంటే మెత్తన, అది ఒప్పుకోవాలి. చెవి చుట్టూ కూర్చునేది. పది నెలలు బాగానే కాపురం చేసి, వానాకాలం చెమ్మకీ నా చెమటకీ దిళ్ళ మీద తోలు పొరలు పొరలుగా రాలడం మొదలెట్టింది. అది తోలు కాదు కదా, పైన పూసిన పీయూ, ఒక రకం ప్లాస్టిక్ పూత. నల్ల పెళుసులు చెవి మీద, బుగ్గ మీద, చొక్కా కాలర్ మీద. ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. సాయంత్రం గుమ్మంలో అడుగు పెడితే మా అమ్మే "ఓలమ్మ, బుగ్గన ఆ నలుపేటి, ఈ వయసులో నీకు దిష్టి చుక్క ఎవుత్తి పెట్టింది?" అంది. అంతే, మా ఆవిడ వంటింట్లోంచి తల బయటికి పెట్టింది. ఆ సాయంత్రం నేను ఇచ్చుకున్న సంజాయిషీలు నీకనవసరం. గుడ్డ దిళ్ళు దొరుకుతాయి, వేడి తక్కువ, రాలవు, మూడొందలో నాలుగొందలో పడుతుంది, కానీ ఆ మోడల్‌కి సరిపడే సైజు మాత్రం దొరకలేదు.

వైరుదే కొనుక్కోవచ్చు కదా అని మా నాన్న. ఆయనకేం, నూటయాభై రూపాయల వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఫోన్లో రేడియో వింటాడు, ఆ వైరే దానికి ఏరియలు, బ్లూటూత్‌తో ఆ సుఖం రాదు. వెయ్యి లోపల వైరుదాంట్లో వచ్చేంత సౌండ్ ఈ ధర బ్లూటూత్‌లో రాదు, అది కూడా నిజమే. కానీ 2016లో ఆపిల్ వాడు ఫోన్‌కి వైరు గుచ్చే కన్నం తీసేశాడు, వెనకాలే చాలామంది తీసేశారు, నా ఫోన్‌కీ లేదు. పైగా చెవి లోపల దూర్చుకునేవి నాకు దురద.

అసలు నేను వినేదేంటో తెలుసా నీకు? ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్. ఈ ఊరు సంగీత కళాశాల 1919లో పెట్టింది, ఆయన 1936లో దానికి ప్రిన్సిపాల్ అయ్యాడు, ఘంటసాల, సుశీల చదువుకున్నదీ అక్కడే. అలాంటి ఊళ్ళో పుట్టి, పాత రికార్డు, సన్నటి తీగ లాంటి ఆ వయొలిన్ పెట్టుకుంటే నువ్వేం చేశావు? వెనకాల మృదంగాన్ని డీజే బాక్స్ చేశావు. వయొలిన్ ఎక్కడో పక్క వీధిలో పెళ్ళిలో వాయిస్తున్నట్టుంది. ఘంటసాల అయితే కుండలో తల పెట్టి పాడుతున్నాడు. పాత పాటలు చాలావరకు మోనో, రెండు చెవుల్లోనూ ఒకటే వస్తుంది, కాబట్టి రెండు చెవుల్లోనూ సమానంగా పాడు చేశావు, ఆ న్యాయం మాత్రం నీ దగ్గరుంది.

మా ఆఫీసులో కుర్రాడొకడు చెప్పాడు, రాత్రంతా తల వెడల్పున్న దేనికైనా తగిలించి సాగదియ్యండి సార్, వదులవుతుందీ అని. పుస్తకాలు దొంతర పెట్టి తగిలించాను, జారిపోయాయి. ఇల్లంతా నా తల సైజు కోసం వెతికాను. ప్రెషర్ కుక్కర్ పెద్దది. నీళ్ళ చెంబు చిన్నది. చివరికి వంటింట్లో, ఈ ఏడు పెట్టిన ఆవకాయ జాడీ, సరిగ్గా నా తలే. పొట్టకి అటొక దిండు ఇటొక దిండు, పైన వాసెన కట్టిన గుడ్డ, దాని మీంచి నీ పట్టీ, జాడీ అచ్చం పాటలు వింటున్నట్టే ఉంది. దానికి నొప్పి లేదు, కళ్ళద్దాలు లేవు కదా.

ఇంతవరకు రాసి రాత్రి పడుకున్నాను.

తెల్లారి మా అమ్మ గావుకేక. "ఏటిరా ఇది, నా జాడీకి బేండేజీ కట్టావేటి!" పరుగున వెళ్ళేసరికి నిన్ను పీకి గట్టు మీద పడేసింది, నూనె చెయ్యితోనే. తుడిచి, బ్యాగులో పడేసుకుని, రైలెక్కి మిగతాది ఫోన్లో టైప్ చేస్తున్నాను.

నిన్నగాక మొన్న ఎక్కడో చదివాను, నీ వంశంలో తొలితరం వాటిని నథానియెల్ బాల్డ్విన్ అని అమెరికాలో ఒకాయన తన వంటింట్లోనే కూర్చుని చేసి 1910లో వాళ్ళ నేవీకి అమ్మాడట. వంటింట్లో పుట్టినదానివి, మళ్ళీ వంటింటికి వెళ్తేగానీ దారికి రాలేదు. వదులయ్యావు. దిండు చెవికి అంటీ అంటనట్టుంది, ఆ సందులోంచి గాలీ వస్తోంది, రైలు మోతా వస్తోంది, నీ బేస్ మాత్రం అదే సందులోంచి బయటికి పోయింది. దిండు గట్టిగా ఆనకపోతే ముందు పోయేది బేసేనట. మృదంగం మృదంగంలా ఉంది. వయొలిన్ పక్క వీధిలోంచి లేచొచ్చి నా ఎదురు సీట్లో కూర్చుంది. మీ ఇంజనీర్లు చెయ్యలేనిది ఆవకాయ జాడీ ఒక్క రాత్రిలో చేసింది, సిగ్గు పడతావా?

అలమండ దాటింది. కంటకాపల్లి. కొత్తవలసలో అలవాటుగా చెయ్యి పైకి వెళ్ళింది, మళ్ళీ దించేశాను. ఇప్పుడు పెందుర్తి, ఇంకా తియ్యలేదు. కొద్దిగా నొప్పి ఉంది, లేదనను.

మొన్నటి పెద్దాయనే ఎదురుగా ఉన్నాడు. సీటు కింద, పైన, తన సంచిలో, నా బ్యాగు వంక, ఆవకాయ వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో అని వెతుక్కుంటున్నాడు.

ఇట్లు,
నీ చెవి