బరువు చూసి జాతిని ఎంచుకోకండి

హంస బాతుల (గూస్) పెంపకం గురించి మీరు వేసిన వ్యాసంలో, చిన్న రైతులకు ఎంబ్డెన్, టూలూజ్ వంటి బరువైన జాతులే మేలని రాశారు. మాంసం కోసమే పెంచితే సరే. కొబ్బరి తోటలో గడ్డి మేయాలి, రాత్రి కాపలా కాయాలి అంటే మాత్రం చైనా జాతిని మించింది లేదని నా గట్టి నమ్మకం. ఎంబ్డెన్ మగది 9 కిలోలు దాటుతుంది, చైనా జాతి మగది 5 కిలోల దగ్గర ఆగుతుంది. ఒళ్లు తేలిక కాబట్టి పొద్దస్తమానం తిరిగి మేస్తుంది. గుడ్లు కూడా ఏడాదికి 40కి పైగా పెడుతుంది. ఈ జాతికి ముక్కు మొదట్లో, నుదుటి మీద బుడిపె ఉంటుంది. మగదానికి ఆ బుడిపె ఇంకా పెద్దది.

అరుపు మాత్రం ఎక్కువ. అర్ధరాత్రి గేటు దగ్గర ఆకు కదిలినా మా ఐదూ మెడలు చాచి ఒక్కసారిగా అందుకుంటాయి. పొరుగిళ్లు ఆనుకుని ఉన్నవారు ముందే ఆలోచించుకోవాలి.

వ్యాసంలో లేని ముఖ్యమైన మాట ఇంకొకటి. తల్లి లేని పిల్లలను మొదటి వారాల్లో కాలువలోకి వదలకండి. నూగు తడిసి చలికి ముడుచుకుపోతాయి. తొలి ఏడాది నేను మూడింటిని అలాగే పోగొట్టుకున్నాను. గుడ్డలో చుట్టి బల్బు కింద పెట్టినా బతకలేదు. అప్పటి నుంచి తాగడానికి లోతు తక్కువ మూకుడులోనే నీళ్లు పెడుతున్నాను.