రూమ్ కరెక్షన్ గారికి, సీతమ్మధార నుంచి

మహారాజశ్రీ రూమ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్ వారికి,

విశాఖపట్నం, సీతమ్మధార నుంచి ఒక హోమ్ థియేటర్ బాధితుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. గదిలో మైకు పెట్టించి, స్పీకర్లలోంచి కూతలు వేయించి విని, గదికి తగ్గట్టు శబ్దాన్ని దిద్దేవారు తమరు. ఇక్కడ మేమంతా క్షేమం. ఫ్యాను కట్టేసి, ఏసీ కట్టేసి, కిటికీలు బిగించి, మీ కూతలు పూర్తయ్యేదాకా కిక్కురుమనకుండా చెమటలు కక్కుతూ కూర్చున్నా కూడా క్షేమమే. మీది పెద్ద వంశం. ఆడిసీ లాస్ ఏంజెలెస్‌లో ఒక యూనివర్సిటీ పరిశోధన నుంచి పుట్టింది. డిరాక్‌ది స్వీడన్‌లోని ఉప్సాలా. యమహా వారి వైపావోది జపాన్, ట్రినోవ్‌ది ఫ్రాన్స్. వీరిలో మా ఇంట వెలసినది ఎవరో చెప్పను, ఇంటిగుట్టు. ఎవరైతేనేం, మే నెలలో వైజాగ్‌లో ఫ్యాను ఆపమని ఇంట్లోవాళ్ళని అడగడానికి ఎంత ధైర్యం కావాలో మీలో ఒక్కరికీ తెలిసినట్టు లేదు.

మీ రాక ఘనంగానే జరిగింది. పెట్టెలోంచి అట్టముక్కలు బయటపడ్డాయి. ఒకదాని గాట్లో ఇంకొకటి గుచ్చుకుంటూ పోతే అదే మైకు స్టాండట. మా సముద్రపు గాలికి అట్ట మెత్తబడి స్టాండు ఓ పక్కకి ఒరిగిపోతే, కింద రెండు పాత టెలిఫోన్ డైరెక్టరీలు ఆనించి నిలబెట్టాం. మైకు సరిగ్గా చెవి ఎత్తున ఉండాలి, చేత్తో పట్టుకోకూడదు, మైకుకీ స్పీకరుకీ మధ్య మనిషి అడ్డం రాకూడదు, ఎనిమిది చోట్ల కొలవాలి. సరే అన్నాం. అడుగున గుయ్యిమని మొదలై పైకి పోయి కీచుమని ముగిసే మీ కూత ఒక్కో స్పీకరులోంచి వస్తుంటే, గిన్నెలు తోముతున్న పనమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏటి బాబూ, ఇంట్లోకి పిట్ట గాని దూరిందేటి?" అంది.

ఒక చోటు పూర్తవుతుండగా పక్కింట్లో కుక్కరు కూసింది. ఇంకో చోటప్పుడు ఐఎన్ఎస్ డేగ వైపునుంచి నేవీ హెలికాప్టరు మా డాబా మీదుగా పోయింది. రెండుసార్లూ మీరు, శబ్దం ఎక్కువగా ఉంది, మళ్ళీ మొదలెట్టండి అన్నారు. కూత అడుగు స్వరాల్లో ఉన్నప్పుడు షోకేసులో ఏటికొప్పాక లక్కబొమ్మలు గాజు అర మీద గజగజ వణికాయి. తలపాగా పెట్టుకున్న పెళ్ళికొడుకు పెళ్ళికూతుర్ని వదిలేసి అర అంచుదాకా నడిచొచ్చాడు. ఆ గాజు గలగల కూడా మైకు వింది. దాన్ని మీరు ఏ స్పీకరు ఖాతాలో రాసుకున్నారో ఇప్పటికీ అంతుబట్టలేదు.

తర్వాత మీ తీర్పు వచ్చింది. ఐదంగుళాల వూఫరున్న నా బుల్లి స్పీకర్లకి 'లార్జ్', అంటే అడుగు స్వరాలన్నీ మోయగలవి, అని బిరుదిచ్చారు. దాన్ని 'స్మాల్' చేసి, 80 హెర్ట్జ్ (సెకనుకి 80 ఊపులు) దగ్గర క్రాసోవర్ అనే సరిహద్దు పెట్టి, కింది భారమంతా, అంటే బేస్ అనే అడుగు స్వరాలన్నీ, వాటికోసమే ఉండే సబ్‌వూఫరుకి అప్పగించే పని నా నెత్తినే పడింది. సబ్‌వూఫరు తొమ్మిది అడుగుల దూరంలో కళ్ళెదుట కనపడుతుంటే పదిహేడు అడుగులని రాశారు. మీ లెక్కన అది పక్క ఫ్లాటువాళ్ళ పూజగదిలో ఉండాలి. ఇక్కడ మాత్రం మిమ్మల్ని అనడానికి లేదు. సబ్‌వూఫరు లోపలి ఎలక్ట్రానిక్స్ వల్ల శబ్దం కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా బయటికొస్తుంది. మిల్లీసెకనుకి శబ్దం అడుగు పైచిలుకు నడుస్తుంది కనక, ఆ ఆలస్యాన్ని మీరు అడుగుల్లోకి మార్చి చూపిస్తారు. టేపు తెచ్చి కొలిచి ఆ అంకెని 'సరిదిద్దే' మహానుభావులు మా ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో డప్పు ఒకసారి, దాని మోత ఇంకోసారి వినపడుతూ ఉంటాయి.

అసలు ఫిర్యాదుకి వస్తాను.

మా హాల్లో టీవీ గోడకీ సోఫా గోడకీ మధ్య 12 అడుగులు. శబ్దవేగం సెకనుకి 343 మీటర్లు. (అది 20 డిగ్రీల చల్లటి ఊళ్ళ లెక్క. మా ఎండల్లో 350 దాటుతుంది, కానీ దానికి పేచీ పెట్టను.) గది వెడల్పుని రెట్టింపు చేసి ఆ వేగాన్ని దాంతో భాగిస్తే 47 హెర్ట్జ్ వస్తుంది. ఆ స్వరం దగ్గర శబ్దం రెండు గోడల మధ్య ఎటూ పోలేక నిలబడిపోతుంది. గోడల పక్కన పోగుపడుతుంది, నట్టనడుమ మాయమవుతుంది. సోఫా గోడకి ఆనించి ఉంది కనక అందులో కూర్చున్న నాకు ప్రతి డప్పు దెబ్బా బొయ్యిమని పొట్టలోకి దిగుతుంది. మరి హాలు నట్టనడుమ ఏముంది? బిల్డరు స్లాబులో వదిలిన ఫ్యాను కొక్కెం. కొక్కేనికి ఫ్యాను, ఫ్యాను కింద మా నాన్నగారి పడక్కుర్చీ. ఇంట్లో గాలి బాగా ఆడేచోటూ బేస్ బొత్తిగా అందని చోటూ ఒకటే అయి కూర్చున్నాయి. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా ఏ హాల్లోకి తొంగిచూసినా ఇదే ఏర్పాటు: పెద్దాయన ఫ్యాను కింద, బేస్ గోడల పక్కన.

గోడలంటే గుర్తొచ్చింది. అమెరికాలో చాలా ఇళ్ళకి లోపలి గోడలు చెక్క ఫ్రేము మీద జిప్సం పలకలు. బేస్ కొంత ఆ పలకల్లో అరిగిపోతుంది, కొంత వాటిలోంచి బయటికి జారిపోతుంది. మావి ఇటుక గోడలు, నెత్తిన ఆర్‌సీసీ స్లాబు, కాళ్ళకింద విట్రిఫైడ్ టైల్స్. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి మా కిటికీ అద్దాలు పట్టుకుపోయింది గానీ గోడల్ని ఏమీ చెయ్యలేకపోయింది. మీ 47 హెర్ట్జ్ ఎంత! వెళ్ళి గుద్దుకుని అలాగే వెనక్కొస్తుంది. స్లాబులోంచి మాత్రం కిందికి చక్కగా దిగుతుంది. వాల్యూమ్ సున్నా అంటే మీ దృష్టిలో సినిమా హాలు స్థాయి, మా అపార్ట్‌మెంట్‌లో మైనస్ 30 దాటగానే కింది ఫ్లాటు మాస్టారి దగ్గర్నుంచి ఫోనొస్తుంది.

మా తండ్రీకొడుకుల ఈ కుర్చీల వ్యాజ్యాన్ని మీరెలా తీర్చారంటే, ఎనిమిది చోట్ల కొలతలూ కలిపి మధ్యేమార్గంగా రాజీ కుదిర్చారు. నా దగ్గర ఆ బొయ్యిమనడం తగ్గింది. అది నిజం, అందుకు దణ్ణం. నాన్నగారి దగ్గర బేస్ మాయమయ్యే గొయ్యి మాత్రం పూడలేదు. పూడదు కూడా. అక్కడ స్పీకరు నుంచి వచ్చే శబ్దతరంగం, గోడ తిప్పిపంపిన తరంగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. మీరు ఇటునుంచి గట్టిగా పంపితే గోడ అటునుంచి అంతే గట్టిగా పంపుతుంది. పైగా 10 డెసిబెల్స్ పెంచాలంటే ఆంప్లిఫయరు పదిరెట్ల పవరు పెట్టాలి. ఆ పోరు ఎక్కడ తేలుతుందంటే స్పీకరు కాయిల్లో. మీలో బుద్ధిమంతులు ఒక హద్దు దాటి పెంచరని తెలుసు. మరి స్క్రీన్ మీద ఆ గ్రాఫు ఏమిటండీ? 'ముందు' గీత ఎగుడుదిగుళ్ళు, 'తర్వాత' గీత నున్నగా ఇస్త్రీ చేసినట్టు. ఆ రెండో గీత కొలిచింది కాదు, ఇలా ఉండాలని మీరు లెక్కగట్టుకున్నది. నాకు నమ్మకం కుదరక, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్ లాప్‌టాప్‌లో వేసి, ఒక మిత్రుడి యూమిక్ అనే కొలత మైకు అరువు తెచ్చి పడక్కుర్చీ దగ్గర కొలిచాను. 47 దగ్గర గొయ్యి చెక్కుచెదరకుండా ఉంది.

మీకు చేతనైన పని చిన్నదని కాదు. ష్రోడర్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరుమీద ఒక హద్దు ఉంది. మా హాలులాంటి గదికి అది 200, 250 హెర్ట్జ్ మధ్యలో ఎక్కడో పడుతుంది. దానికింద రాజ్యమంతా గదిదే, ఎంత మంచి స్పీకరైనా గది చెప్పినట్టు వినాల్సిందే. అక్కడ మీరు ఎత్తుల్ని నరికితే మోత తగ్గడమే కాదు, దెబ్బ తర్వాత సాగే ఊగిసలాట కూడా తగ్గుతుంది. ఆ హద్దు పైన కథ వేరు. నేరుగా వచ్చిన శబ్దమేదో, గోడకి తగిలి కాస్త ఆలస్యంగా వచ్చిందేదో మనిషి చెవి విడదీసి పట్టుకుంటుంది. మైకుకి ఆ తెలివి లేదు, అన్నీ కలిపి ఒక్క ముద్దగా మీకు అందిస్తుంది. ఆ ముద్దని చూసి మీరు నిక్షేపంలాంటి స్పీకరు గొంతు మారుస్తారు. మా హాల్లో చప్పట్లు కొడితే గోడల మధ్య టింగుటింగుమని మోగుతుంది. స్వరాల హెచ్చుతగ్గులు దిద్దే మీ ఫిల్టరేదీ దాన్ని ఆపలేదు. పరుపు తెచ్చి గోడకి ఆనిస్తే ఠక్కున ఆగింది. (పరుపు సాయంత్రానికల్లా మంచం మీదికి చేరింది.)

ఇంకో చోద్యం. డిరాక్‌లో 500 హెర్ట్జ్ దాకా మాత్రమే దిద్దే లైసెన్సు ఒకటీ, మొత్తం దిద్దే లైసెన్సు ఒకటీ ఉంటాయి. మొదటిది చవక, రెండోది ఖరీదు. నన్నడిగితే మీ పనితనమంతా ఆ చవక భాగంలోనే ఉంది. పైదాని జోలికి రాకుండా ఉంటానంటే అందుకు ఇంకో పదో పరకో ఇవ్వడానికి నేను సిద్ధమే.

పైదాని జోలికి వస్తే ఏమవుతుందో నాన్నగారు తేల్చారు. ఆయనకి ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ అంటే ప్రాణం. నాయుడుగారు 1964లోనే పోయారు, మనకి దొరికే ఆయన రికార్డులు మోనోవి, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం. వయొలిన్ మంద్రస్థాయి కూడా 100 హెర్ట్జ్‌కి పైనే, కాబట్టి 47 గొడవ ఆ సంగీతంలో లేనే లేదు. మా ఎడమ స్పీకరు గోడ పక్కన, కుడి స్పీకరు వంటింటి దారి పక్కన. మీరు రాకముందు వయొలిన్ ఎడమకి లాగేది. మీరొచ్చి రెండిటి స్థాయీ, ఆలస్యమూ సరిచేశాక సరిగ్గా నడిమధ్యకి వచ్చింది. ఇంతవరకూ భేష్. కానీ మీ వంశంలో ఒక శాఖకి 2 కిలోహెర్ట్జ్ దగ్గర కావాలనే చిన్న గుంట తవ్వే అలవాటుంది. కింది స్వరాలు పలికే వూఫరూ, పై స్వరాలు పలికే ట్వీటరూ చేతులు మార్చుకునే చోట కటువు తగ్గించడానికట. కమాను తీగని ఒరుసుకునే ఆ సన్నటి గరుకుదనం వినపడేది కూడా ఆ చుట్టుపక్కలే. నాన్నగారు ఒక నిమిషం విని, "ఏరా, నాయుడుగారు వంటింట్లో కూర్చుని వాయిస్తున్నారా?" అన్నారు. రిమోట్‌లో డైరెక్ట్ బటన్ నొక్కాను. మీరు తప్పుకున్నారు. "ఆఁ, హాల్లోకొచ్చారు. కాస్త ఎడమకి జరిగి కూర్చున్నారు, పర్లేదులే." ఇదంతా నెత్తిమీద ఫ్యాను ఐదులో గిరగిరా తిరుగుతుండగా! పిన్ను పడితే వినపడే నిశ్శబ్దంలో మీరు కొలిచిన కొలతలకీ, మేం వినే వినికిడికీ ఎక్కడి పొత్తు?

అయినా మిమ్మల్ని వదులుకోం. ఎందుకో కూడా చెబుతాను. కార్పెట్ వేద్దామన్నాను, మన తేమకి ముక్కవాసన కొడుతుందన్నారు. మందం కర్టెన్లన్నాను, సముద్రపు గాలి ఆగిపోతుందన్నారు. షోకేసు లోపలి గదిలోకి మారుద్దామన్నాను, అది మా అత్తగారు ఇచ్చింది. టీవీ ఆగ్నేయం దాటడానికి లేదు. సోఫా గోడ నుంచి అడుగున్నర ఇవతలికి లాగుదామంటే, వచ్చినవాళ్ళు ఎటునుంచి నడుస్తారని మా ఆవిడ అడిగింది, నిజమే, నడవలేరు. గది తాలూకు ఒక్క వస్తువు మీద కూడా నాకు చెల్లుబడి లేదని తేలిపోయాక, గోడ పగలగొట్టకుండా, గుమ్మం మార్చకుండా ఒక అద్దం తగిలిస్తే దోషం పోతుందనే వాస్తు పండితుడిలాగా మీరు దిగారు. అలాంటి పండితుణ్ణి కాదనే ఇల్లు ఈ ఊళ్ళో ఉందా? కర్టెన్లకి పెట్టని డబ్బు మీకు పెడతాం. మీకైతే డబ్బొక్కటే కావాలి, ఇంట్లో ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు.

అందుకే మిమ్మల్ని ఒకే ఒక్క కోరిక కోరుతున్నాను. ఎనిమిది చోట్ల కొలిచాక సోఫా గోడకి ఆని ఉందనీ, పడక్కుర్చీ గొయ్యిలో పడిందనీ మీకు ఎటూ తెలిసిపోతుంది. తెలిసీ నోరు మెదపకుండా ఫిల్టర్లు వేసుకుపోతున్నారు. ఈసారి అలా కాకుండా, ముందు స్క్రీన్ మీద పెద్దక్షరాలతో, తెలుగులో, "సోఫా అడుగున్నర ముందుకి జరపండి. పెద్దాయన కుర్చీ రెండడుగులు వెనక్కి వెయ్యండి. అప్పటిదాకా నేను కొలవను" అని రాసి ఆగిపోండి. అదే మాట నేనంటే, చెప్పొచ్చావులే అంటారు. కంప్యూటరు గ్రాఫు వేసి మరీ చెప్పిందంటే ఒక విలువుంటుంది. నేను వెంటనే ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతాను. మా అత్తగారు కూడా అందులోనే ఉన్నారు, షోకేసు గురించి కూడా ఓ ముక్క రాస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
సోఫాలో ఎడమ చివర కూర్చునే
మీ విధేయుడు