వేలు వెచ్చబడిన విధంబెట్టిదనిన

నాకు ఒళ్లనేది ఒకటి ఉందని, అది రోజంతా ఏదో ఒకటి మొత్తుకుంటూనే ఉంటుందని గుర్తించడానికి 54 ఏళ్ల వయసు, ఒక సన్నని వైరు, పర్లాకిమిడి నుంచి విశాఖపట్నానికి పాసింజరు టిక్కెట్టు అవసరమయ్యాయి. అంతకు ముందు పార్శ్వపు తలనొప్పి వచ్చిన ప్రతిసారీ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకుని, ఇంటిల్లిపాదినీ కసురుకుంటూ పడుకోవడమే నా వైద్యవిధానం.

విశాఖలో ఈ తలనొప్పి కోసం నేను వెళ్లిన నిపుణురాలు నా చూపుడువేలికి చిన్న సెన్సారు అతికించి, ఎదుట తెర మీద 31.2 అనే అంకె చూపించి, అది డిగ్రీల్లో నా వేలి ఉష్ణోగ్రత అన్నారు. మనిషి ఆందోళనలో ఉన్నప్పుడు చేతుల్లోని సన్నని రక్తనాళాలు ముడుచుకుని వేళ్లు చల్లబడతాయని, మనసు కుదుటపడితే అవి విచ్చుకుని వేళ్లు వెచ్చబడతాయని, ఇలా ఒంటి సంగతిని యంత్రంలో చూసుకుంటూ దాన్ని మార్చుకోవడం, అంటే నా విషయంలో ఆ అంకెను పెంచడం, నేర్చుకోవడమే బయోఫీడ్‌బ్యాక్ అని వివరించారు. పట్టుదలతో సాధించలేనిది లేదని పిల్లలకు ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నవాణ్ని గనుక, నేను పళ్లు బిగించి, తెర వంక గుడ్లురిమి, అంకెను పెరగమని ఆజ్ఞాపించాను. అది 30.9కి దిగింది. ఇంకా గట్టిగా ప్రయత్నించాను. అది 30.4కి దిగింది. చివరికి విసుగెత్తి ప్రయత్నం మానేసి, చిన్నతనంలో మా అమ్మ డాబా మీద పాత చీర పరిచి వడియాలు పెడుతుంటే, కాకులను తోలడానికి కర్ర పట్టుకుని ఎండలో కూర్చున్న సంగతి తలచుకుంటూ ఉండగా, అంకె తనంతట తానే 33 దాటింది. ఏమీ చేయకుండా కూర్చునే విద్యను జీతం తీసుకుని అభ్యసించిన మహానుభావులు మా వీధిలో ఉన్నారు గాని, ఫీజు కట్టి నేర్చుకున్నవాణ్ని నేనొక్కణ్నే.

ఈ శాస్త్రం పూర్వచరిత్ర కూడా సామాన్యమైనది కాదు. 1960లలో నీల్ మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, కండరాలు కదలకుండా మందిచ్చిన ఎలుకలకు తమ గుండె వేగాన్ని మార్చుకోవడం నేర్పానని ప్రకటించారు. తీరా మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితాలు ఆయనకే దక్కలేదు. ఎలుకలు మాట తప్పినా మనుషులు ఆశ వదలక, 1969లో ఒక సంఘం పెట్టుకుని ఈ విద్యకు బయోఫీడ్‌బ్యాక్ అనే పేరు ఖాయం చేశారు. 1970లో స్వామి రామ అనే మన యోగి కాన్సాస్ రాష్ట్రంలోని మెనింజర్ ఫౌండేషన్‌కు వెళ్లి, ఒకే అరచేతికి రెండు పక్కలా ఉష్ణోగ్రత వేరువేరుగా ఉండేలా చేసి చూపించారు. అనగా మన స్వామి సముద్రాలు దాటి వెళ్లి యంత్రానికి చెయ్యి చూపించుకుని వచ్చారు. యాభై ఏళ్లు దాటాక ఆ యంత్రమే సముద్రాలు దాటి వచ్చి నా చెయ్యి చూసింది. ఈ మధ్యకాలంలో మా వీధి చివరి ఆయుర్వేద వైద్యుడు మూడు వేళ్లతో నాడి పట్టుకుని "బాబూ, నీకు కోపం ఎక్కువ" అని ఉచితంగా చెప్పిన మాటను నేను పెడచెవిన పెట్టాను. ఆయన దశాంశ స్థానాలతో చెప్పలేదు మరి.

వెటకారం పక్కన పెడితే, నా తలనొప్పులు తగ్గిన మాట నిజం. నొసటి కండరాల బిగువును చప్పుడుగా మార్చి వినిపిస్తే ఆ బిగువును సడలించడం నేర్చుకోవచ్చు. మూత్రం ఆపుకోలేనివారికి కటి కండరాలను గుర్తుపట్టడం కూడా ఈ పద్ధతిలోనే నేర్పుతారు. నిమిషానికి సుమారు ఆరు ఊపిరులు చొప్పున నెమ్మదిగా పీల్చి వదిలితే గుండె వేగం ఊపిరితో పాటే పెరుగుతూ తరుగుతూ తెర మీద కెరటంలా కదులుతుంది. బీపీ మాత్రలు మాత్రం డాక్టరును అడగకుండా మానవద్దని, ఒంటి జాడ తెలిశాక ఈ యంత్రంతో పనే ఉండకూడదని ఆ నిపుణురాలు నన్ను హెచ్చరించి పంపారు.

యంత్రాన్ని వదిలేయడమనే ఈ అనాగరికమైన సలహా మా బావగారికి బొత్తిగా నచ్చలేదు. ఆయన మణికట్టుకు ఒక స్మార్ట్ వాచీ తగిలించుకుని, పొద్దున్నే మా అక్క "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగితే "ఉండు, చూసి చెప్తాను" అంటున్నారు. నిద్రకు 62 మార్కులు వచ్చిన రోజున ఆయన మహేంద్రతనయ నది ఒడ్డుకు నడకకైనా రారు. తెల్లవార్లూ గుర్రు పెట్టారని అక్క సాక్ష్యం చెప్పినా చెల్లదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు పర్లాకిమిడి అటు పడింది గాని, మా తాతగారి పొలం కాగితాలు తెలుగులోనే ఉండిపోయాయి. వాటి కోసం నేను ఒక కార్యాలయం చుట్టూ ఏడాదిగా తిరుగుతూ, వచ్చీరాని ఒడియాలో నా గోడంతా వెళ్లబోసుకుంటే, అక్కడి గుమాస్తాగారు ప్రతిసారీ "కాలి ఆసంతు", అంటే రేపు రండి, అని ముక్తసరిగా సెలవిస్తున్నారు. మొన్న ఆ మాట చెవిన పడగానే నేను అక్కడే బల్ల ముందు నిలబడి కళ్లు మూసుకుని, నాలుగు దాకా లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు దాకా లెక్కపెడుతూ వదలడం మొదలుపెట్టాను. మూడో ఊపిరికి వేళ్లు వెచ్చబడ్డాయి. ఆరో ఊపిరి వదులుతుండగా గుమాస్తాగారు కంగారుగా కుర్చీలోంచి లేచి, మా ఊళ్లోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు వింటే మురిసిపోయేంత అచ్చమైన వ్యావహారికంలో, "ఏటయిందండీ బాబూ, ఒంట్లో బాగోలేదేటి? కూకోండి, కూకోండి" అన్నారు.

నా వేళ్లు ఒక్కసారిగా మంచుముక్కలయ్యాయి. పక్కనే ఉన్న బావగారు నా నాడి చూడబోయి, అలవాటుగా తన వాచీ చూసుకుని, "ఏం పర్లేదు బావా, డెబ్భై రెండే" అన్నారు.