అడిగేది రంగు, చెప్పేది రుచి

ఫలానా సిగరెట్టే ఎందుకు కాలుస్తారంటే దాదాపు అందరూ చెప్పే జవాబు ఒకటే: రుచి. కౌంటర్ వెనక నిలబడి చెవి పెడితే ఆ మాటే వినపడదు. ‘ఎర్రది ఒకటి.’ ‘నీలం పెట్టె, పొడవుది.’ ‘మెత్త ప్యాకెట్ లేదా?’ ‘ఈ బొమ్మ వద్దు, వేరేది చూడండి.’ రంగు, పొడవు, పెట్టె గట్టిదా మెత్తదా, మీదున్న బొమ్మ ఏది అన్నవే అక్కడ నడిచే మాటలు. బ్రాండు పేరు కూడా చాలాసార్లు నోటి దాకా రాదు, అర వైపు వేలు చూపిస్తారు. సిగరెట్లు అమ్మేవాళ్లకు ఇది పాత సంగతి. చట్టాలు రాసేవాళ్లకు తలకెక్కడానికి దశాబ్దాలు పట్టింది. ఎక్కాక కూడా సగమే కాగితం మీదకు వచ్చింది.

ముందు రంగు సంగతి చూద్దాం. ఎరుపంటే ఘాటు, ఆకుపచ్చంటే గొంతుకు చల్లగా తగిలే మెంథాల్, నీలం అంతకంటే తేలిక, వెండి రంగూ తెలుపూ మరీ తేలిక. ఈ లెక్క ఎవరూ బళ్లో నేర్పలేదు, పెట్టెలే నేర్పాయి. అందుకే యూరప్ 2003లో, అమెరికా 2010 జూన్ 22 నుంచి ‘లైట్’, ‘మైల్డ్’ లాంటి మాటల్ని పెట్టెల మీద నిషేధించినప్పుడు కొనేవాళ్లెవరూ పెద్దగా తడబడలేదు. మార్ల్‌బొరో లైట్స్ పేరు మారి మార్ల్‌బొరో గోల్డ్ అయింది. కొనేవాడికి అది అంతకుముందు కూడా బంగారు రంగు పెట్టే కదా. మాట పోయినా రంగు ఆ పని చేస్తూనే ఉంది.

ఇంతకీ ‘తేలిక’ సిగరెట్‌లో ఏముంది? ప్రధానంగా ఫిల్టర్ చుట్టూ ఉన్న కాగితానికి కంటికి ఆనీ ఆననంత సన్నటి చిల్లులు. పీల్చినప్పుడు వాటిలోంచి గాలి చొరబడి పొగను పలచన చేస్తుంది. ప్రయోగశాల యంత్రం ఆ చిల్లుల్ని మూయదు కాబట్టి తారు, అంటే పొగలోని జిగట మసి, అంకె తక్కువ చూపిస్తుంది. మనిషి పట్టుకునేది సరిగ్గా అక్కడే. వేళ్లూ పెదాలూ చిల్లుల్ని కొంత మూసేస్తాయి, చాలని నికోటిన్ కోసం మరింత గట్టిగా, మరిన్నిసార్లు లాగుతాడు. గొంతుకు హాయిగా అనిపించే మాట నిజమే, ఊపిరితిత్తులకు మాత్రం తగ్గింపేమీ దక్కదు. ఆ హాయిలో కూడా గాలి వాటా ఎంతో, తెల్ల పెట్టె వాటా ఎంతో విడదీయడం కష్టం.

ఇక పెట్టె కట్టుబాటు. మామూలు 20 సిగరెట్ల గట్టి పెట్టెలో వరసలు 7, 6, 7గా ఉంటాయి. నడిమి వరస పైనా కిందా వరసల సందుల్లో కూర్చుంటుంది కాబట్టి లోపల కదలవు. లోన అల్యూమినియం రేకు అతికించిన కాగితం, దాని ముందు మూతకు పట్టు ఇచ్చే అట్ట చట్రం, పైన పారదర్శక పొర, ఆ పొరను చింపడానికి సన్నని పట్టీ. 1950ల నడుమ మార్ల్‌బొరో ఈ ఎగిరే మూత పెట్టెతో మార్కెట్లోకి వచ్చాక అదే ప్రమాణమైపోయింది. దాన్ని ఇష్టపడేవాళ్లు జేబులో నలగదని చెబుతారు. పైకి చెప్పని కారణం మూత పడేటప్పుడు వచ్చే ఆ టక్కుమనే చప్పుడు. చట్రం అంచులు అరిగి మూత వదులైతే పెట్టె ఇంకా సగం ఉండగానే విసుగు మొదలవుతుంది.

మెత్త ప్యాకెట్ వాళ్లది వేరే వర్గం, పట్టింపూ ఎక్కువే. పైకాగితం ఓ మూల చింపి, అడుగున తట్టి, ఒక్కటి పైకి తేవడం వాళ్లకు అలవాటైన పని. సిగరెట్లు తగ్గేకొద్దీ ప్యాకెట్ కూడా చిక్కుతుంది. గట్టి పెట్టెకు ఆ సౌలభ్యం లేదు, రెండు మిగిలినా అంతే చోటు తింటుంది. మెత్తదానితో వచ్చే చిక్కులూ తెలిసినవే: కూర్చుంటే వంగిపోతాయి, చివర్ల నుంచి పొగాకు నుసి రాలి జేబు అడుగున చేరుతుంది. ఇవ్వాల్సింది మెత్తదైతే గట్టిది అంటగట్టకూడదు. లోపల అదే సిగరెట్ అని ఎంత చెప్పినా వాళ్లు నమ్మరు. సన్నటి సిగరెట్ల పొడుగాటి పెట్టెలది మరో కథ. చేతిసంచీలో సౌందర్య సామగ్రి పక్కన ఒదిగేలా తయారైన లిప్‌స్టిక్ ఆకారపు పెట్టెల్ని యూరప్ 2014 నాటి ఆదేశంతో పక్కన పెట్టేసింది.

‘కంపెనీ రుచి మార్చేసింది’ అన్న ఫిర్యాదు వస్తే మొదట చూడాల్సింది పైపొర. దాని అతుకు ఎక్కడైనా విడితే లోపలి తేమ పోతుంది. సిగరెట్ పొగాకులో తేమ 12, 13 శాతం దగ్గర ఉండాలి. అంతకంటే ఎండితే కొసన నుసి రాలుతుంది, త్వరగా కాలిపోతుంది, పొగ గొంతులో గరుకుగా తగులుతుంది. తడి తగిలితే తెల్ల కాగితం మీద గోధుమరంగు మచ్చలు పడతాయి, మాటిమాటికీ ఆరిపోతుంది. పాత సరుకు ముందుకు, కొత్తది వెనక్కి సర్దడం, ఎండ పడే అద్దం పక్కన నిల్వ పెట్టకపోవడం చేస్తే ఈ ఫిర్యాదులు చాలావరకు తగ్గుతాయి. అనుభవమున్న కొనుగోలుదారు పెట్టె అందుకోగానే బొటనవేలితో నొక్కి చూసేది కూడా ఇందుకే. పొర వదులుగా ఉన్నా, చింపే పట్టీ వంకరగా పడినా నకిలీ అని అనుమానిస్తాడు. ఆ అనుమానం అన్నిసార్లూ తప్పు కాదు.

బొమ్మల హెచ్చరికలు మొదట వచ్చింది కెనడాలో, 2001లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడిక 2005లో అమల్లోకి వచ్చింది. హెచ్చరిక పెట్టెలో సగమైనా ఉండాలని, 30 శాతానికి తగ్గనే కూడదని అది చెబుతుంది. భారత్‌లో 2016 ఏప్రిల్ 1 నుంచి 85 శాతం. బొమ్మ పెద్దదయ్యాక కౌంటర్ దగ్గర కొత్త బేరం మొదలైంది. పుండుపడ్డ నోటి బొమ్మ ఉంటే ఒకరు వెనక్కిస్తారు, పసిబిడ్డ బొమ్మ ఉంటే ఇంకొకరు. మగతనానికి సంబంధించిన హెచ్చరికను నవ్వుతూ తోసేసి, దాని బదులు ఊపిరితిత్తుల బొమ్మ హాయిగా తీసుకునేవాళ్లున్నారు, ఏది ప్రాణాంతకమో తెలియక కాదు. అందరికీ నచ్చే హెచ్చరిక ఏదంటే బొమ్మ లేని అక్షరాలదే. ఇలా మార్చుకునేవాళ్లను చూపించి బొమ్మలు పనిచేయవని వాదించేవాళ్లది తొందరపాటు. పెట్టె మార్చమన్నవాడు ఆ బొమ్మను చూశాడు, గుర్తుపెట్టుకున్నాడు, ఇంటికి తీసుకెళ్లడం ఇష్టం లేదన్నాడు. లోహపు కేస్ కొని అందులోకి సిగరెట్లు సర్దుకునేవాడిదీ అదే బాధ. బొమ్మ నిజంగా తగలనివాడు ఏదిచ్చినా జేబులో వేసుకుని పోతాడు.

రంగును కూడా తీసేస్తే ఏమవుతుందో చూపించింది ఆస్ట్రేలియా. 2012 డిసెంబర్ 1 నుంచి అక్కడ అన్ని పెట్టెలదీ ఒకటే రంగు: ప్యాంటోన్ రంగుల పట్టికలో 448 సి, మెరుపు లేని మురికి గోధుమరంగు. పొగతాగేవాళ్లకే రకరకాల రంగులు చూపించి, అన్నిటికంటే రోత పుట్టించేదాన్ని ఏరారు. మొదట దాన్ని ఆలివ్ ఆకుపచ్చ అంటే ఆలివ్ రైతుల సంఘం అభ్యంతరం చెప్పింది, పేరు మార్చారు. బ్రాండు పేరు అన్నిటికీ ఒకే అక్షరాల్లో, 14 పాయింట్ల అక్షర పరిమాణం మించకుండా. ముందు 75 శాతం, వెనక 90 శాతం హెచ్చరికే. అమలైన వెంటనే సిగరెట్లు రుచి చెడ్డాయని జనం ఫిర్యాదులు చేశారు. లోపలి సరుకు మారనే లేదని, వికారమైన పెట్టె నుంచి వికారమైన రుచికి జనం మనసే దూకిందని అప్పటి ఆరోగ్య మంత్రి టాన్యా ప్లిబర్‌సెక్ వివరించారు. రుచి అనేదానిలో అట్ట వాటా ఎంతో అంత పెద్ద ఎత్తున తేలడం బహుశా అదే మొదలు.

పెట్టెలన్నీ ఒకేలా ఉంటే వెతకడానికి సమయం పట్టి వరసలు పెరుగుతాయని అప్పట్లో అక్కడి అమ్మకందారులు గగ్గోలు పెట్టారు. మొదటి రోజుల్లో కాస్త ఆలస్యమైంది, కొద్ది వారాల్లోనే సర్దుకుంది. అరల్ని కంపెనీ వారీగా కాక అక్షర క్రమంలో పెట్టడం, అర అంచున పేరు అతికించడం, ఒక అరలో ఒక్క రకమే ఉంచడం చాలు. జపాన్‌లో కన్వీనియన్స్ స్టోర్ల పద్ధతి ఇంకా తేలిక: ప్రతి అరకూ ఓ అంకె, కొనేవాళ్లు అంకె చెబుతారు. అసలు తప్పు జరిగేది తీసేటప్పుడు కాదు, విన్నప్పుడు. బ్రాండు, రకం, సంఖ్య, పొడవు నాలుగూ తిరిగి చదివి వినిపించి, పెట్టె ముందు వైపు చూపించి, తల ఊపాకే స్కాన్ చేయాలి. పైపొర చింపాక వెనక్కి తీసుకున్న పెట్టె ఇంకెవరికీ అమ్మలేం.

అయితే కంపెనీలు ఊరుకోలేదు. అట్ట మీద లేని రంగు పేరులోకి ఎక్కింది. ఒకప్పుడు ఒక్క మాటలో ఉన్న రకం పేర్లు నీలం, బంగారం, వెండి తోకలతో పొడుగయ్యాయి. దీన్ని ముందే గట్టిగా పట్టుకున్నది ఉరుగ్వే. 2009లో ఒక బ్రాండుకు ఒకే రకం అని నియమం పెట్టింది. మార్ల్‌బొరో కంపెనీ ఫిలిప్ మోరిస్ అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లి 2016లో ఓడిపోయింది. ఆస్ట్రేలియా 2023 నాటి కొత్త చట్టంతో ఆ పేర్ల మీదా పెట్టె పరిమాణం మీదా చేయి వేసింది.

పరిమాణం చిన్న విషయమేమీ కాదు. ఆస్ట్రేలియాలో 20 మొదలు 25, 30, 40, 50 దాకా పెట్టెలుండేవి. పెద్దది కొంటే చేతికి అందుబాటులో ఉన్నంతసేపూ చేయి పోతుంది. చిన్న 10ల పెట్టె అడిగేవాళ్లు రెండు రకాలు: తగ్గించుకుందామని తమకు తామే కళ్లెం వేసుకునేవాళ్లు, చేతిలో డబ్బు చాలని కుర్రవాళ్లు. బ్రిటన్ 2017 మే నుంచి 20కి తక్కువ అమ్మకాన్ని ఆపేసినప్పుడు రెండో రకం కోసమే ఆపింది. మొదటి రకానికి ఒక ఊతం పోయిన మాట కాదనలేం, అయినా ఆ బేరంలో బ్రిటన్‌దే సరైన వైపు.

కెనడా పైకి లేచే మూతను కూడా తీసేసి, అగ్గిపెట్టెలా జారే పెట్టెను తప్పనిసరి చేసింది. హెచ్చరికకు చోటు పెరిగింది, టక్కుమనే చప్పుడు పోయింది. 2023 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన నిబంధనలతో విడి సిగరెట్ మీదనే హెచ్చరిక ముద్రించడం మొదలుపెట్టిన మొదటి దేశం కూడా అదే. కేస్‌లోకి సర్దుకున్నా ఇక ఆ అక్షరాలు వెంట వస్తాయి. కౌంటర్ దగ్గరి మాటను మాత్రం అది తాకదు. పేరు చివర నీలం అని ఉన్న చోటల్లా అడిగేవాళ్లు ఇంకా నీలమే అడుగుతున్నారు.