ముతోలా గెలుపు ఒక్కరోజు అద్భుతం కాదు

"మొజాంబిక్‌లో ఓ పల్లెటూరి పేదపిల్ల. కాళ్ళకు చెప్పుల్లేవు, నేర్పేవాళ్ళు లేరు. ఒలింపిక్స్‌కు వెళ్ళి గోల్డ్ కొట్టి, దేశానికి మొదటి పతకం తెచ్చింది. తర్వాత స్నేహితురాలు దారి వదలడంతో మిలియన్ డాలర్లు గెలిచింది. మరుసటి ఏడు అదే స్నేహితురాలి చేతిలో ఓడి పరుగు మానేసింది." 800 మీటర్ల రన్నర్ మరియా ముతోలా గురించి ఫార్వర్డ్ అవుతున్న కథ ఇది. ఇందులో పేదరికం మాట నిజం, మిగతాది చాలావరకు తప్పు.

మొదట ఆ పల్లెటూరు సంగతి. ఆమె పుట్టి పెరిగింది రాజధాని మపూటోలో, షమంకూలు అనే పేదల పేటలో. తండ్రి రైల్వే ఉద్యోగి, తల్లి మార్కెట్లో కూరగాయలు అమ్మేది. చెప్పుల్లేని కథ బహుశా 1960 రోమ్ మారథాన్‌లో వట్టి కాళ్ళతో గెలిచిన ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా దగ్గర అరువు తెచ్చుకున్నది. ఆఫ్రికా అనగానే అందరికీ ఒకటే కథ తగిలించేస్తాం.

నేర్పేవాళ్ళు లేరన్నది ఇంకా పెద్ద అబద్ధం. ముతోలా ముందు అబ్బాయిల జట్టులో ఫుట్‌బాల్ ఆడేది. అమ్మాయిని ఎలా ఆడిస్తారని ఎదుటి జట్లు గొడవ పెట్టాయి. అప్పుడు ఆమెను పరుగు వైపు మళ్ళించింది జోసే క్రవెయిరిన్యా. ఆయన కోచ్ కాదు, మొజాంబిక్ మహాకవి. పోర్చుగీసు సాహిత్యంలో అతి పెద్దదైన కమోయిష్ పురస్కారం అందుకున్న తొలి ఆఫ్రికన్. ఆయన కొడుకు స్టెలియో ఆమెకు తొలి కోచ్. 1991లో ఒలింపిక్ కమిటీ స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రానికి వెళ్ళింది. తర్వాత చాలా ఏళ్ళు ఆమెను తీర్చిదిద్దిన కోచ్ మార్గో జెన్నింగ్స్.

ఇక ఒలింపిక్స్‌కు వెళ్ళి గెలిచేయడం. 1988 సియోల్‌లో ముతోలాకు 15 ఏళ్ళు. 2 నిమిషాల 4.36 సెకన్లలో పరిగెత్తి మొదటి రౌండ్లోనే ఇంటికొచ్చేసింది. 2000 సిడ్నీలో గోల్డ్ గెలిచిన టైమ్ 1 నిమిషం 56.15 సెకన్లు. ఆ ఎనిమిది సెకన్లు తగ్గించడానికి పన్నెండేళ్ళు పట్టిందనుకోవద్దు, 1994లోనే 1:55.19 పరిగెత్తింది. టైమ్ ఎప్పుడో వచ్చింది, రానిది ఒలింపిక్ గోల్డే. 1992 బార్సిలోనాలో అయిదో స్థానం, 1996 అట్లాంటాలో కాంస్యం. దేశానికి మొదటి పతకం ఆ 1996 కాంస్యమే, సిడ్నీది కాదు.

మధ్యలో 1995 ఉంది, ఫార్వర్డ్ రాసినవాళ్ళకు తెలియని ఏడు. అప్పటికి ఆమె ప్రపంచ చాంపియన్, నలభైకి పైగా ఫైనల్స్‌లో ఓటమి లేదు. గోథెన్‌బర్గ్ ప్రపంచ పోటీల సెమీఫైనల్లో, ఎవరి లేన్‌లో వాళ్ళు పరిగెత్తాల్సిన తొలి మలుపులో, గీత తొక్కినందుకు డిస్‌క్వాలిఫై చేశారు. ఎవరూ ఓడించలేదు, గీత ఓడించింది. ఆ నెలలోనే బ్రస్సెల్స్‌లో 1000 మీటర్ల ప్రపంచ రికార్డును 2:29.34 టైమ్‌తో బద్దలుకొట్టేసింది. ఆ కోపం టైమ్‌లో కనిపిస్తుంది.

మిలియన్ డాలర్ల విషయంలో రెండు వేర్వేరు పోటీలను కలిపేశారు. 2003 పారిస్ ప్రపంచ పోటీల్లో ముతోలా గెలిచింది, తనతోపాటే శిక్షణ పొందుతున్న బ్రిటన్ రన్నర్ కెల్లీ హోమ్స్ రెండో స్థానంలో వచ్చింది. హోమ్స్ సాయం చేసిందని అప్పట్లో విమర్శలు వచ్చాయి, ఆమె ఒప్పుకోలేదు. సరే, ఆ వాదన ఎటైనా పోనీ. ఆ డబ్బు వచ్చింది పారిస్ పతకానికి కాదు. అదే ఏడాది గోల్డెన్ లీగ్ అనే అథ్లెటిక్స్ పోటీల వరసలోని ఆరు మీట్లలోనూ గెలిచినందుకు. ఆరుసార్లూ దారి వదిలే స్నేహితురాలు ఎవరికైనా ఉంటుందా?

2004 ఏథెన్స్‌లో హోమ్స్ గెలిచింది, నిజమే. ముతోలా నాలుగో స్థానం, తేడా 0.13 సెకన్లు. కానీ పరుగు మానలేదు. 2006లో ఏడోసారి ప్రపంచ ఇండోర్ టైటిల్, 2008 బీజింగ్‌లో 35 ఏళ్ళ వయసులో అయిదో స్థానం. అది ఆమెకు ఆరో ఒలింపిక్స్. రిటైరయింది అప్పుడు.

ఆ తర్వాత మళ్ళీ ఫుట్‌బాల్. 2011లో ఆఫ్రికా క్రీడలు మపూటోలో జరిగినప్పుడు మొజాంబిక్ మహిళల జట్టు కెప్టెన్ ఆమే.